గుండ్రం రాని అక్షరాలు

సకల జనుల సమ్మె రోజులు. దేవరుప్పుల దగ్గరి తండాలో, సుభాష్ ఇంటి పక్క రేకుల షెడ్డులో, కంప్యూటరు చెప్పినట్టు చెక్కను కోసే చిన్న మిషన్ ఒకటి మొరాయించి కూర్చుంది. దాన్ని సరదాకొద్దీ తయారుచేసి స్నేహితుడికి ఇచ్చిన రంజిత్ భూపాలపల్లి బొగ్గుబావిలో ఇంజనీరు. బస్సులు లేవు కనుక వైద్యమంతా ఫోనులోనే. ఫోను స్పీకరు పెట్టి మిషన్ మీద ఉంది. దాని ముందు సుభాష్, అతని అక్క శారద. రంజిత్‌కు తెలియకూడదనుకున్న మాటల్ని అక్కాతమ్ముళ్ళు తమ లంబాడీ బాసలో మాట్లాడుకున్నారు. బ్రాకెట్లలో ఉన్నవి ఆ మాటలే.

“మల్ల చెప్పు. సీదా గీతలు మంచిగనే వస్తున్నయా?”

“సీదా అయితె దారం పట్టి గీసినట్టే వస్తున్నయ్ రంజిత్. మలుపు కాడ్నే పరేషాన్. సున్న కొయ్యిమంటె అణిగిన రొట్టె కోస్తున్నది.”

“మొదలువెట్టిన కాడికే వచ్చి కలుస్తున్నదా?”

“ఏడ కలుస్తది? నడుమల సందు. చీమ పోతది.”

“చీమ పోతదా, ఎలుక పోతదా?”

“చీమనే. జర బలిసిన చీమ.”

“కోసే బిట్టు బిగిచ్చినవా?”

“బిగిచ్చిన. కొత్తదే ఏసిన.”

“మిషన్ను ఉరికిస్తున్నవేమో.”

“లే లే. దీనికంటె ఎడ్లబండి నయం.”

“అయితె ఇంగ్లీషుల కొయ్యి. సగం అక్షరాలు సీదా గీతలే. మన తెలుగు చూడు, ఏ అక్షరం ముట్టినా సున్న తిరగవడ్తది.”

“ఇంగ్లీషు వద్దు.”

“ఎందుకు?”

“చదివేటాయనకు ఇంగ్లీషు రాదు.”

“చదివేటాయనా? ఎవలు?”

“(నోరు ముయ్యి తమ్మీ!)”

“(జారింది అక్కా.) ఆయన అంటె… జనం రా. రోడ్డు మీద పోయేటోళ్లు.”

“బస్సులే లేవు. రోడ్డు మీద ఎవలు పోతున్నరు?”

“నడుసుకుంట పోతున్నరు.”

“అసలు ఏం కోస్తున్నవ్?”

“బోర్డు.”

“ఏం బోర్డు?”

“చెక్క బోర్డు.”

“సుభాష్!”

“జై తెలంగాణ బోర్డు. ఇంకేముంటది?”

“రంజిత్, నేను శారదక్కను. జర జల్ది చెప్పు నాయినా. నాలుగింటికి కరెంటు పోతది. రేపు పొద్దుగాల ఊర్లకు జులూస్ ఉన్నది, గప్పటికి బోర్డు తయారుండాలె.”

“నమస్తె అక్కా. అంగన్‌వాడీ గూడ సమ్మెలనేనా?”

“మా పిల్లలు నాకంటె ముందే సమ్మెకు దిగిన్రు. నువ్వు మిషన్ సంగతి చెప్పు.”

“సరె. బిట్టు తీసి ఆ జాగల పెన్సిలు కట్టున్రి. కింద కాయితం అతికిచ్చి ఒక్క సున్న గీయిమనున్రి. చెక్క ఖరాబు చేసుడెందుకు?”

“(అక్కా, నాతోని కాదు. వాని మిషన్ తోటి వాళ్ల బాపు మీదనే బోర్డా? తెలిస్తె నా మొకం జూడడు.)”

“(ఏమన్న తిడుతున్నమా? ‘చైర్మన్ సాబ్, రాజీనామా ఎప్పుడు?’ అని అడుగుతున్నం. చుట్టుపక్కలోళ్లంత తెలంగాణ కోసం కుర్సీలు దిగిన్రు. వాళ్ల బాపు జగపతి సారు ఒక్కడు మార్కెట్ కమిటీ కుర్సీ ఇడుస్తలేడు.)”

“(బళ్లె ఒక్క బెంచి మీద కూసున్నోడు. మనింట్ల తిన్నోడు.)”

“(రేపు బోర్డు ఆయన ఇంటి గేటుకు కడదాం. దోస్తాన్ ముచ్చట ఎల్లుండి చూద్దాం. పెన్సిలు కట్టు.)”

“ఏం మాట్లాడుకుంటున్నరు?”

“పెన్సిలు ఏడున్నదని అడుగుతున్న.”

“పెన్సిలు కోసం గంత సేపా?”

“చిన్న పెన్సిలు రా. దొరుకుతలేదు… ఆఁ, దొరికింది. గీస్తున్నది చూడు. అగో, అయిపాయె.”

“ఎట్లున్నది?”

“కుడి ఎడమ మంచిగనే ఉన్నది. పైన, కింద చెక్కినట్టు సాపుగ అయింది.”

“దొరికింది! కుడి ఎడమ తిరిగేది బరాబరే. ముందుకు ఎనకకు పోయేది దిక్కు మర్రేటప్పుడు ఆగుతున్నది. మోటరు తిరుగుతున్నది గని బిట్టును మోసే బండి కదుల్తలేదు. సీదా గీతకు మర్రుడు ఉండది, గందుకె నీకు తెల్వలే. బండిని చేత్తోటి ముందుకు ఎనకకు నూకి చూడు.”

“ఆడుతున్నది రంజిత్! ఊడేటందుకు వచ్చిన పన్ను లెక్క ఆడుతున్నది.”

“కింద పొడుగు మరసీల ఉన్నది గద, దాని మీద ఇత్తడి నట్టు. ఆ నట్టును బండికి పట్టిచ్చిన బోల్టులు సడలినయ్. గవి ఊకె సడలయ్. నా చేత్తోటి బిగిచ్చిన. మిషన్ ఏడికన్న జరిపినవా?”

“లే.”

“ఒక్క ఇంచు గూడ?”

“ఊడ్సేటప్పుడు జర అటు.”

“ఊడిస్తె బోల్టులు సడల్తయా?”

“మా ఊడ్సుడు జర గట్టిగ ఉంటది.”

“సుభాష్. నిజం చెప్పు.”

“(చెప్పెయ్యి తమ్మీ. ఇది చెప్తె అది అడగడు.)”

“…రోడ్డు మీదికి తీస్కపోయిన.”

“ఏంది?”

“మొన్న రోడ్డు బందు వెట్టిన్రు. ఎవల పని వాళ్లు నడిరోడ్డు మీదనే చెయ్యాలె అన్నరు. కుమ్మరోళ్లు సారె తిప్పిన్రు. దర్జీ జైపాల్ కుట్టు మిషన్ తొక్కిండు. మా తండ సక్రు గడ్డం గీయించుకునుడు గూడ రోడ్డు మీదనే. మరి నా పని గిదే గద? ట్రాక్టర్ల ఏసుకపోయి, జనరేటర్ పెట్టి కోసిన.”

“నా మిషన్ను ట్రాక్టర్లనా!”

“కింద పరుపు ఏసిన రా.”

“తాడు ఏడ కట్టినవ్?”

“మిషన్ బండికే. జారద్దని.”

“అబ్బా! ఆ గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడుకుంట ఆ తాడు బండిని గుంజింది. సడలక ఏం చేస్తయ్?”

“కోపమొచ్చిందా?”

“వచ్చింది.”

“శాన?”

“శాననే… జనం చూసిన్రా?”

“చూసుడేంది! బందోబస్తుకు వచ్చిన పోలీసాయన గూడ తన పేరు కోసియ్యిమన్నడు.”

“ఇచ్చినవా?”

“ఇచ్చిన. ఇంగ్లీషుల.”

“హహ్హ! సరె, పానా తీస్కో. ఒక్క బోల్టే మొత్తం బిగియ్యకు. దీన్ని జర, దాన్ని జర. మరీ బిగిస్తె నట్టు పట్టేస్తది, మోటరు ఏడుస్తది.”

“(పాపం అక్కా, గింత చేసినా తిట్టలే. ఇప్పుడన్న చెప్పుదమా?)”

“(చెప్తె ఏమంటడు?)”

“(వద్దంటడు. ఎంతైనా వాళ్ల బాపు.)”

“(వద్దంటె?)”

“(వాడు వద్దంటె నేను కొయ్య. గందుకె చెప్తలేను. దోస్తు పోతడని భయమైతున్నదక్కా.)”

“(భయపడుకుంటనే బిగియ్యి. టైమైతున్నది.)”

“బిగిసిందా?”

“బిగిసింది రంజిత్. గీస్తున్న… వస్తున్నది… వస్తున్నది… కలిసింది! కలిసింది రా! చీమ పోదు!”

“పైన, కింద?”

“గుండ్రంగ, మా యాడి చేసిన రొట్టె లెక్క!”

“మీ అమ్మ గంగవ్వ రొట్టె నేను ఎరుగనా? గంత గుండ్రం ఎన్నడుండది.”

“మా యాడిని అనకు. ఇగ పెడుత రా, కరెంటు పోకముందే కొయ్యాలె.”

“ఆగు. అక్షరాలు ఎంత ఎత్తు పెడుతున్నవ్?”

“జానెడు.”

“సాలదు. రెండు జానెలు పెట్టు. అద్దాలు లేకుంటె బాపుకు దూరపుది కనవడది.”

“…ఏ బాపుకు?”

“మా బాపుకు. చైర్మన్ సాబ్‌కు. అరుగు మీద కూసుంటె గేటు దూరమే గద.”

“(అక్కా!)”

“(నేనేం చెప్పలే!)”

“ఇగ ఏ బాసల మాట్లాడినా ఒకటే అక్కా. ఆరో తరగతి సంది మీ ఇంట్ల తిన్న. గంగవ్వ రొట్టె ఒక్కటే లోపటికి పోయిందనుకున్నరా? మీ బాస గూడ పోయింది.”

“బోర్డు సంగతి మొదటి సంది ఎరుకనా నీకు?”

“పెన్సిలు ఎతికినప్పటి సంది.”

“మరి నట్టు సంగతి ఎందుకు చెప్పినవ్ రా? చెప్పకుంటె బోర్డే కాకపోవు గద.”

“నేను గూడ బాపును గదే అడిగిన సుభాష్. ఫోన్ల అడిగిన, టక్కున పెట్టేసిండు. ఎదురుంగ నిలవడి అడిగె ధైర్యం నాకు ఎన్నడు లేదు. ఈడ సమ్మె డేరా కింద కూసుంటె రోజు అడుగుతున్నరు, మీ బాపు దిగిండా అని. తల దించుకోని కూసుంటున్న. సిగ్గయితున్నది రా.”

“నాయినా, జులూస్ల ఆయనను ఎవలు ఒక్క మాట అనరు. కట్టి వస్తం, గంతే. నేను ముంగట నిలవడ్త.”

“నువ్వున్నవంటె నాకు ఫికర్ లేదక్కా. గేటుకు మేకులు మాత్రం కొట్టకున్రి. అమ్మ దసరాకని కొత్తగ రంగు ఏపిచ్చింది.”

“తాడుతోటి కడుత రంజిత్.”

“నువ్వు కట్టకు. తాడు ఏడ కట్టాలెనో నీకు తెల్వది. అక్క కడ్తది.”

“తిట్టు, ఎంతన్న తిట్టు. అగో, బల్బు కొట్టుకుంటున్నది, కరెంటు పోయేటట్టున్నది. పెడుతున్న.”

“ఒక్క ముచ్చట. బోర్డు కింద, మూలకు, ఇంకో మాట కొయ్యి. చిన్నగనే.”

“ఏమని?”

“‘ఇట్లు, నీ కొడుకు.’”

“…పేరు?”

“పేరెందుకు రా? ఆయనకు నేనొక్కన్నే.”