దారప్పోగులు

నందిగామ బస్టాండులో విజయవాడ బస్సు వెళ్ళిపోయినా ఆయన బల్లమీంచి లేవలేదు. ఒళ్ళో పాపతో పక్కనే కూర్చున్న భార్య కంగారుపడింది.

"రైలు తప్పిపోద్ది. బెంగుళూరు డ్యూటీకి ఎళ్ళరా ఏంటండీ?"

"మొన్న విమానం కూలి పైలటు పోయాడుగా. వెనక్కి వాల్చిన దాని రెక్క నమూనాకి గాలి పరీక్ష చేసింది నేనే."

"మీరేం చేశారండీ?"

"గాలి ఎటు పోతందో తెలియడానికి రెక్క మీద దారప్పోగులు అంటిస్తాం. కొసన పోగులు ఎదురు తిరిగినయ్. జిగురూడిందనుకుని గట్టిగా అంటించేశా. ఊడింది జిగురు కాదే, అక్కడ గాలే రెక్కని వదిలేసింది. గాలొదిలితే విమానం నిలవదు."

"బాగు చెయ్యలేరా?"

"రెక్క మీద చిన్న రేకు నిలబెడితే చాలు. కానీ ఆ మాట చెప్పాలంటే నేను తప్పొప్పుకోవాలిగా! ఉద్యోగం పోద్ది. సోమవారం అదే రెక్కతో ఇంకొకాయన ఎగురుతున్నాడు."

ఆమె పాపను గుండెలకదుముకుంది.

"మంగళవారం ఎళ్దురుగాని లెండి."