మూడు రోజుల కింద

తెలంగాణ బిల్లు పాసైన మర్నాడు మధ్యాహ్నం. కోరుట్ల బస్టాండు ఎదురుగా దేవేందర్ నడిపే కంప్యూటర్ సెంటర్. బయట డప్పులు, పటాకులు. ఎదుటి కుర్చీలో అతని దోస్తు ప్రేమ్‌సాగర్ భార్య సరిత.

"చాయ వద్దన్న గద. ఎందుకు పిలిచినవో ముందుగాల చెప్పు."

"చెప్త వదినె. బస్సుల అచ్చినవా?"

"బస్సులేడియి? రోడ్లన్ని ర్యాలీలే. సిరిసిల్ల సంది మూడు ఆటోలు మారిన. బీడీల చాట పక్కకు నూకి ఉరికచ్చిన. 'సాగరన్న సంగతి, ఫోన్ల చెప్పేది గాదు' అంటివి. ఆయన మస్కట్‌ల బిల్డింగు మీదికెల్లి పడి, పెట్టెల అచ్చిన నాడు గూడ రాకపోతివి."

"రాలే."

"ఎందుకు రాలే?"

"నీకు ఎరుకే గద."

"నీ నోటితోని చెప్పు."

"అందరన్నట్టు నేను గూడ అన్న. పేర్లు పోలీసోళ్లకు ఇచ్చింది సాగరన్ననే అని."

"అందరన్నట్టు గాదు, దేవేందర్. ముస్తాబాద్ మీటింగుల ముందుగాల అన్నది నువ్వే."

"అవ్. నేనే."

"ఊ. ఇప్పుడేమాయె?"

"గీ స్క్రీన్ జూడు."

"అంత ఇంగ్లీషు. చదివి చెప్పు."

"సకల జనుల సమ్మె అప్పుడు మన రాస్తారోకో పేర్లు రాసుకున్న పేజీ. ఏ ఊరికెల్లి ఎవలస్తరు, ఎవలింట్ల పండుకుంటరు, ఫోన్ నంబర్లు. గిది సాగరన్న పేరు. 'కొడిమ్యాల పేర్లు కలిపిన' అని రాసిండు. పక్కన, 'మూడు రోజుల కింద'."

"ఏంది?"

"మూడు రోజుల కింద."

"దేవేందర్, ఆయన పోయి పది నెలలాయె."

"ఎరుకే."

"మరి ఎవలు రాసిన్రు? ఆయన పేరు మీద ఎవలు రాసిన్రు? జల్ది చెప్పు."

"ఎవలు రాయలే. గా పేర్లన్ని అరెస్టుల నాడే మొదలంట తుడిపేసిన. మిషన్ మూలకు పడేసిన. నిన్న బిల్లు పాసైందని తెల్వంగనే, ఎందుకో, ఆన్ చేసిన. తుడిపిన పేర్లే, కని పేజీ పేర్లతోని సహా అచ్చింది. మల్ల తీసిన, మల్ల తీసిన. తీసినప్పుడల్ల గిదే. మూడు రోజుల కింద, మూడు రోజుల కింద. సాగరన్న గిప్పుడే లేచి చాయ తాగ వోయినట్టు."

"దయ్యమా?"

"దయ్యం గాదు, నకలు. ఇను వదినె. ఎవలు ఏ పేరు కలిపినా, తీసినా, తారీఖు తోని సహా పాతది పోకుంట దాసే పద్ధతి ఒకటుంటది, గిట్ అంటరు. అండ్ల పెట్టినం పేర్లు. జగిత్యాల, సిరిసిల్ల పోరగాళ్లు నెట్ సెంటర్లకెల్లి చూసుకునేటందుకు నేను గీ పేజీ కట్టిన. పాత మిషనాయె, పేజీ తెరుసుకోవాల్నంటె నిమిషం పట్టేది. అందుకని క్యాష్ పెట్టిన."

"పైసలా?"

"పైసలు గాదు. ఒకపారి తీసిన పేజీకి నకలు తీసి పక్కకు పెట్టుకుంటది. మల్ల ఎవలన్న అడిగితె గా నకలే ఇస్తది. జల్ది అస్తది. గంటకోపారి అసలుది చూసి కొత్త నకలు తీసుకుంటది. అసలుదే తుడిపినంక ఏం తీసుకుంటది? ఆఖరి నకలు, గప్పటి 'మూడు రోజుల కింద' తోని సహా, గట్లనే ఉండిపాయె."

"మంచిగనే ఉన్నది. ఆయన పేరన్న మిగిలింది. దీనికేనా పిలిచింది?"

"గాదు."

"మరేంది?"

"పేజీకి పాస్‌వర్డ్ ఉండె. మన పది మందికే ఎరుక."

"అయితె?"

"నిన్న నేను తీస్తె... అడగలే, వదినె."

"ఏం అడగలే?"

"పాస్‌వర్డ్. తాళం అసలుకు పెట్టిన. నకలుకు పెట్టలే. మర్సిపోయిన. గాదు, మర్సుడు గాదు, పెట్టాల్నని నాకు తెల్వనే తెల్వదు. మనోళ్లు ఒక్కలు తాళం తీసి చూస్తె సాలు, ఎనుక ఎవలు అడ్రసు కొట్టినా నకలు తీసి చేతుల పెట్టింది."

"పోలీసోళ్లు కొట్టినా?"

"పోలీసోళ్లు కొట్టినా."

"ఇరవై మూడు మందిని పట్కపోయింది..."

"నా పేజీ తోని. సాగరన్న ఒక్క పేరు చెప్పలే. ఆయన్ని పొద్దుగాల పట్కపోయి మాపటికే ఆయనొక్కన్నే ఇడిసిన్రు గద, గందుకే అనుమానపడ్డ. ఎన్ని మాటలన్న! మొకం మీద ఉమ్మినంత పని చేసిన. ఒక్క మాట మర్లవడలే ఆయన. మస్కట్ వోయే నాడు గా బస్టాండుల నాకు చెయ్యూపిండు. నేను మొకం తిప్పుకున్న. వదినె... వదినె, ఏదన్న అను. కొట్టు."

"గీ పేజీ కాయితం మీదికి అస్తదా?"

"ప్రింటా? అస్తది. ఎందుకు?"

"పైన కుడిదిక్కు రాసింది ఏంది?"

"అది... పేజీ ఎవలదో వాళ్ల పేరు."

"ఎవలది?"

"నాదే. దేవేందర్ అని. ఊరు గీరు లేదు, ఉత్త పేరే. ఎందుకడుగుతున్నవ్?"

"అయితె గదే కాయితం. ఠాణాల మీ అన్న ముంగట పెట్టిన్రట. ఆయన్ని పేర్లు అడగనే లేదు దేవేందర్. పేర్లు వాళ్ల చేతులనే ఉండె. పొద్దుగూకెదాక ఒక్కటే అడిగిన్రట, గీ దేవేందర్ ఎవడు, ఏడుంటడు అని."

"నీకు... నీకు ఎరుకనా?"

"ఈపు మీది వాతలకు పసుపు పెట్టింది నేనే గద."

"మరి నాకెందుకు చెప్పలే? నేను గన్ని మాటలంటుంటె ఆయనెందుకు చెప్పలే?"

"నేను గూడ గదే అడిగిన. 'నింద నా మీదనే ఉండని. నాకు వీసా అచ్చింది, నేను ఎటన్న వోత. వాడు కోరుట్ల ఇడిసి ఏడ బతుకుతడు? వానికి చెప్పకు' అన్నడు."