కొండ దాటిన బస్సు

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షాపు అది. ఎదురెదురుగా రెండు కుట్టుమిషన్లు. ఒకదాని ముందు పెద్దావిడ, రెండోదాని ముందు ఆవిడ తమ్ముడి పెళ్ళాం. ఆ తమ్ముడు పరాయి దేశంలో భవనాలు కట్టే పనిలో ఉన్నాడు. అక్కడ భూమి కంపించింది, సముద్రం లేచి ఊళ్ళమీద పడింది, ఇప్పుడు కరెంటు పుట్టించే అణు కేంద్రం పొగలు కక్కుతోంది. గోడమీది టీవీ ఆ ముక్క తప్ప ఇంకోటి చెప్పడం లేదు. వీళ్ళిద్దరూ మాత్రం జేబుల గురించి మాట్లాడుకుంటున్నారు.

"ఆ టీవీ కట్టెయ్యవే అంటే వినవేం? పొద్దుట్నుంచి అదే పొగ, అదే గోడ."

"ఉండనీ వదినా. సౌండు తగ్గించాగా."

"సౌండు తగ్గిస్తే పొగ తగ్గుతుందా? ఆ రిమోటిటివ్వు."

"ఇవ్వను."

"చూడు, చూడు, జేబు తలకిందులుగా కుట్టేశావు. పిల్లాడు అందులో పెన్సిలు పెట్టుకుంటే కాళ్ళ దగ్గర పడుతుంది."

"విప్పి మళ్ళీ కుడతాలే. వదినా, ఆయన బస్సు ఎక్కడిదాకా వచ్చిందన్నాడు?"

"చెప్పాగా. కొండ దాటిందంట. కొండ దాటితే ఇంక భయం లేదంట, గాలి ఇటు మళ్ళదంట."

"నిన్న ఎక్కుతోందన్నావు."

"నిన్న ఎక్కింది, ఇవాళ దాటింది. కొండ ఎక్కిన బస్సు అక్కడే కాపురం పెడుతుందా ఏంటి?"

"అంతకుముందేమో అందర్నీ ఏదో బళ్ళో పడుకోబెట్టారన్నావు."

"బళ్ళో పడుకున్నాడు. లేచాడు. బస్సెక్కాడు. ఏం, పడుకున్నవాడు లేవకూడదా?"

"ఫోనులో ఛార్జింగు లేదన్నావుగా? మరి బస్సులోంచి నీకెట్లా చేశాడు?"

"పక్కవాడిది అడిగి చేశాడు. అయినా నువ్వు పెళ్ళానివా, పోలీసువా?"

"పెళ్ళాన్ని కాబట్టే అడుగుతున్నా. నాకు చెయ్యడు, నేను చేస్తే ఎత్తడు. అక్కకి మాత్రం రోజూ చేస్తాడు. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?"

"నీకు చేస్తే ఏడుస్తావని."

"నేనా? మా నాన్న పోయిన రోజు తప్ప నేనేడవగా చూశావా నువ్వు?"

"అదే వాడి భయం. రోజూ ఏడ్చేవాళ్ళని ఊరుకోబెట్టొచ్చు. నీలాంటిది మొదలెడితే ఎవరాపుతారు?"

"ఏడవనని చెప్పు. ఒక్కసారి గొంతు వినిపించమను. సూది ఎక్కడ దిగుతుందో నా వేలు ఎక్కడుందో తెలియట్లేదు."

"అయితే లే. లేచి కాసిని మంచినీళ్ళు తాగు. నా మాట విని ఇవాళ్టికి ఇంటికి పో."

"ఇంటికి పోయి ఏం చెయ్యను? అక్కడా టీవీయే ఉంది. ఇక్కడైతే కనీసం కాజాలైనా కుడతా."

"తలకిందులుగా."

"తలకిందులుగానే. అదిగో, వదినా, అదేంటది?"

"ఏదీ?"

"పొగ పక్కన. ఎర్రగా, పొడుగ్గా లేస్తోందే."

"క్రేనేమోలే. ఆ గుండీల డబ్బా ఇలా జరుపు."

"క్రేను కాదు. పంపు లారీ. కిందనుంచి పదో అంతస్తుకి సిమెంటు ఎక్కించే తొండం అది. సిమెంటుకి బదులు నీళ్ళు పట్టించి లోపల పోస్తున్నట్టున్నారు."

"పొయ్యనీ. ఎవరో ఒకరు పోస్తున్నారు కదా, చాలు. డబ్బా ఇమ్మంటే?"

"ఉండు. ఉండు వదినా."

"ఏమైందే?"

"విదిలించాడు."

"ఎవడు?"

"తొండాన్ని పక్కకి తీసుకుపోయి విదిలించాడు. రెండుసార్లు చిన్నగా, మూడోసారి గట్టిగా. చూశావా నువ్వు?"

"నాకేం కనపళ్ళేదు. గాలికి ఊగుంటుంది."

"గాలి లెక్కపెట్టి మూడోసారి గట్టిగా ఊపుతుందా? గొట్టం మూతిలో మిగిలిన సిమెంటు కింద మనుషుల మీద పడకుండా అట్లా ఖాళీ జాగాలో విదిలిస్తారు. నీళ్ళకి ఆ పనే లేదు. నీళ్ళు పడితే తడుస్తారు, అంతేగా? అయినా విదిలించాడు. చేతికి అలవాటైపోయింది."

"ఆ పని చేసేవాళ్ళందరికీ ఉంటుందేమో ఆ అలవాటు."

"అందరూ ఒకసారి ఊపి ఊరుకుంటారు. ఆ మూడోది నా మూలాన వచ్చింది. గోడలు తడిపే పనికి వెళ్ళినప్పుడు ఆయన తొండంలోంచి నా నెత్తిన సిమెంటు ముద్ద పడింది చూడు, జుట్టంతా కత్తిరించేశారు, నెలల తరబడి మగపిల్లాడిలా తిరగలేదూ?"

"తెలుసులే. క్షమించమని అడగడానికి వచ్చిన పెద్దమనిషి పెళ్ళి మాట్లాడుకుని పోయాడు."

"అప్పట్నుంచి మూడోసారి గట్టిగా. ఎంతమంది నవ్వినా మానలేదు. వదినా, ఇటు చూడు."

"దారం ఎక్కిస్తున్నానే."

"నీ సూదిలో దారం ఉంది. ఉన్న సూదికి మళ్ళీ ఏం ఎక్కిస్తావు? నా మొహం చూసి చెప్పు. బస్సు కొండ దాటిందా?"

"దాటింది."

"ఒట్టు?"

"ఒట్టే. బస్సు దాటిందే తల్లీ. అందరూ వెళ్ళిపోయారు. వాడే ఎక్కలేదు."

"ఎక్కలేదు."

"ఎక్కబోతుంటే ఎవరో అధికార్లు వచ్చి, ఈ తొండం నడిపేవాళ్ళు మీలో ఎవరున్నారని అడిగారంట. వీళ్ళ జట్టులో ముగ్గురంట. ఒకతను ఆ అలకి పోయాడు. ఇంకొకతనికి చెయ్యి విరిగింది. మిగిలింది మన మహానుభావుడు."

"అంత పెద్ద దేశంలో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారంట, దూరంగా. రోడ్లన్నీ కొట్టుకుపోయాయి, వాళ్ళు వచ్చేసరికి ఆలస్యమవుతుందంట. అప్పటిదాకా అంటాడు."

"నువ్వేమన్నావు?"

"నోటికొచ్చినట్టు తిట్టా. ఇంట్లో బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కే వెధవ్వి, నువ్వురా అణుబాంబుకి ఎదురెళ్ళేదన్నా. బాంబు కాదక్కా, పొయ్యిలాంటిది, చల్లార్చకపోతే ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చెయ్యాలన్నాడు. పెట్టేశాడు. మళ్ళీ తనే చేసి, దానికి చెప్పొద్దక్కా, బస్సెక్కేశానని చెప్పు అన్నాడు."

"నువ్వు సరే అన్నావు."

"అన్నా."

"నా ఎదురుగా కూర్చుని, కాలర్లు కుడుతూ, ఆయన్ని కొండ ఎక్కించావు. దించావు. బళ్ళో పడుకోబెట్టావు."

"మరేం చెయ్యమంటావే! వాడు పుట్టి బుద్ధెరిగి నన్నొకటి అడిగింది లేదు. అట్లా బతిమాలితే కాదనలేకపోయా. గుడ్ల నీళ్ళు గుడ్ల కుక్కుకుని రోజూ నీ ఎదుట ఈ నాటకమాడా. నాకేమన్నా సరదానా?"

"ఏడుస్తాననేగా నాకు చెప్పొద్దన్నది?"

"కాదు."

"మరి?"

"వద్దులేవే."

"చెప్పు వదినా."

"అది రమ్మంటే నేను ఆగలేనక్కా, అన్నాడు. అది ఒక్కసారి 'వచ్చెయ్' అంటే తొండం నడిపే ఈ మెడలో పెట్టె ఇక్కడే పడేసి వచ్చేస్తా, అందుకే దానికి తెలియకూడదు అన్నాడు. అట్లా చూడకు. తిట్టు. ఆ స్కేలు తీసుకుని కొట్టు. ఏదో ఒకటి అను."

"ఎంత దూరంలో నిలబెట్టారు?"

"గోడ చాటునంట. తలనుంచి కాళ్ళదాకా తెల్లబట్టలిచ్చారంట."

"కుట్లున్నాయా వాటికి?"

"ఏంటి?"

"కుట్టున్న చోట గాలి దూరుతుంది. ఎంత దగ్గరగా వేసినా సూది పోయిన ప్రతిచోటా కన్నమే. మనకి తెలియంది కాదుగా."

"కుట్లమీద టేపు వేసి అతికిస్తారంట."

"మెడ దగ్గర ఎవరు అతికిస్తారు? ఆయనకి మెడ దగ్గర ఏదీ ఆగదు. చొక్కాకి కాలరు గుండీ పెడితేనే లాగి పారేస్తాడు. దురదంటే గోక్కుంటాడు వదినా, లోపలికి చెయ్యి పెట్టి గోక్కుంటాడు. ఎవరు చెప్తారు ఆయనకి అక్కడ?"

"ఊరుకో. ఊరుకోవే. నా మాట విను. నేను చేసింది తప్పే, ఒప్పుకుంటున్నా. దాచకూడదు. ఇప్పుడు తెలిసిపోయిందిగా, నువ్వు రమ్మను. నా తిట్లు వాడికి దులుపుకున్న దుమ్ము. నువ్వంటే వింటాడు."

"ఇందాకటిదాకా నా చెవిలో బస్సులు నడిపావు."

"నడిపా. బుద్ధి గడ్డి తిని నడిపా. రాత్రయితే పడుకోలేక చస్తున్నా. ఎత్తుకుని పెంచా వాణ్ణి. మా అమ్మ ఎప్పుడూ పనిలోనే ఉండేది, నా నడుం మీదే పెరిగాడు. రమ్మనవే. ఆ దేశం వాళ్ళ పొయ్యి, వాళ్ళు చల్లార్చుకుంటారు."

"నీళ్ళు ఆగాయి."

"ఆఁ?"

"టీవీలో. తొండం కిందికి దించారు. ఎందుకు దించారు వదినా? ఏమైంది?"

"ఏం కాదు. నీళ్ళు నింపుకుంటారు కాబోలు. కూర్చో. ఏం కాలేదంటే కూర్చోవే!"

"నీ ఫోను మోగుతోంది."

"వాడే. అమ్మయ్య. వాడేనే. హలో, ఒరేయ్!"

"అక్కా, నేనే. రెండు నిమిషాలే టైముంది. బాగానే ఉన్నా. అది ఎట్లా ఉంది? ఏమైనా అనుమానపడుతోందా?"

"ఇదిగో, దానితోనే మాట్లాడు. లౌడు పెట్టి ఇస్తున్నా."

"వద్దక్కా, వద్దు, దానికి ఇవ్వకు."

"ఇచ్చేసింది. నేనే."

"ఓ. ఏమే. ఎట్లా ఉన్నావు?"

"నాకేం. షాపులో ఉన్నా. నువ్వెక్కడున్నావు?"

"బస్సులో. అక్క చెప్పలేదా? కిటికీ పక్క సీటు దొరికింది."

"చెప్పింది. కొండ దాటావంటగా."

"దాటేశాం. ఇక్కడ చల్లగా ఉంది. చెట్లూ అవీ బాగున్నాయి."

"ఏమన్నా తిన్నావా?"

"బిస్కెట్లు ఇచ్చారు. నువ్వు తిను వేళకి."

"కాసేపు పడుకోలేకపోయావా?"

"ఇక్కడ పడుకోనివ్వరే. అంటే, కుదుపులు. నిద్ర పట్టదు."

"మెడ నొప్పిగా ఉందా?"

"నీకెట్లా తెలుసు?"

"బస్సులో కూర్చుంటే ఎవరికైనా మెడేగా పట్టేది. గోక్కోకు."

"ఒసేయ్, మెడ సంగతి తర్వాత. అడుగు. వచ్చెయ్ అను, చాలు."

"అక్క ఏదో అంటోందే?"

"జేబు తలకిందులుగా కుట్టానని సణుగుతోంది."

"కుట్టావా?"

"కుట్టా."

"నువ్వా? ఏమైంది నీకు?"

"ఏం కాలేదు. నువ్వు చెప్పు."

"ఏముంది చెప్పడానికి. సరే, నేను పెట్టేస్తా. డ్రైవరు పిలుస్తున్నాడు."

"డ్రైవరుకి నీతో ఏం పని?"

"బస్సు కొంచెం ఇరుక్కుంది. తొయ్యాలంట."

"తొయ్యడానికి ఎంతమందున్నారు?"

"మనుషులకేం, ఉన్నారు. కానీ తెలిసినవాడు ఒకడు ముందుండి చెప్పాలి కదా."

"ఆ ఒకడూ నువ్వేనా?"

"నేనేనే."

"నువ్వు లేకపోతే కదలదా?"

"ఇప్పటికైతే కదలదు. ఇంకెవరన్నా వచ్చేదాకా."

"విన్నావా వాడి మాటలు? నీ కాళ్ళు పట్టుకుంటానే, రమ్మను వాణ్ణి! ఇవాళ అనకపోతే ఇంకెప్పుడంటావు? తర్వాత జీవితమంతా కుమిలిపోతావు, చెప్తున్నా, నువ్వూ నేనూ ఇద్దరం కుమిలిపోతాం!"

"అక్క ఏడుస్తోందా? ఏమే? ఉన్నావా? నాతో ఏమైనా చెప్పాలా?"

"చెప్పాలి. ఇక్కడ టీవీలో పైనుంచి చూపిస్తున్నారు, నీకు కిందనుంచి కనపడదు. నీళ్ళు సగం గోడకి బయటే పోతున్నాయయ్యా. తొండం ఇంకో రెండు బారలు సముద్రం వైపుకి తిప్పు."