లోడు పడితే

ఉక్రెయిన్‌లో ఒక చిన్న ఊరు, యుద్ధకాలపు చలికాలం. సైన్యంలోకి పట్టుకుపోతారన్న భయంతో వసంతం నుంచి అత్తగారి నేలమాళిగలో దాక్కున్న జెనోన్‌. మెట్ల మీద కూర్చున్న అత్తగారు టెక్లా.

"మళ్ళీ ఆగిపోయిందల్లుడూ. వట్టినే ఉంటే బాగానే తిరుగుతోంది. లోడు పడగానే రెండు దగ్గులు దగ్గి ఆగిపోతోంది."

"గ్యాసు చాలడం లేదు. పెట్రోలుతో నడిచిన జనరేటరుకి వంటగ్యాసు తగిలించాం కదా, పాత లెక్క పనికిరాదు. గొట్టం దగ్గర మర ఉందే, దాన్ని కాస్త వదులు చెయ్యాలి."

"చేశాం. ముందు నువ్వు తిను, బోర్ష్ సూపు చల్లారిపోతోంది."

"లోడు మీద ఉండగానే, చప్పుడు వింటూ తిప్పాలత్తయ్యా. మీకు తెలీనిదా? మీరు పాలబాల్చీలో కార్బురేటరు పట్టుకొస్తారు, నేను చిల్లు పెట్టి గొట్టం బిగించి పంపిస్తాను, ఇంటింటికీ వెళ్ళి మర తిప్పేది మీరే. వీధంతా టెక్లమ్మ చేతి మహిమ అంటున్నారని మురిసిపోయారుగా."

"ఇది పెద్దది. నా చెవికి అందడం లేదు."

"ఇక్కడికి దింపించండి."

"దింపి? పొగ ఎటు పోతుంది? గ్యాసు కారితే కిందికే చేరుతుందని సిలిండరుని ఒక్క మెట్టు దిగనివ్వనిది నువ్వేగా."

"ఇంతకీ ఎవరిది?"

"దూరం వాళ్ళది."

"దూరమంటే?"

"ఉప్పు సరిపోయిందా?"

"అత్తయ్యా."

"ఆసుపత్రిది. కాన్పుల వార్డుది. నెలలు నిండని పిల్లల గాజుపెట్టెలన్నీ దాని మీదే."

"పిల్లలిప్పుడు..."

"నర్సులు గుండెలకి కట్టుకుని తిరుగుతున్నారు. ఒక్కడు మాత్రం పెట్టెలోనే ఉండాలట. బ్యాటరీ మీద ఉంచారు. సాయంత్రం దాకా వస్తుందేమో అన్నారు."

"మీరు వెళ్ళండి. నేను చెప్పినట్టు—"

"వెళ్ళే వచ్చాను. నావల్ల కాదని చెప్పేశాను."

"ఏమని?"

"నావల్ల కాదని. ఏనాడూ నేను చెయ్యలేదని."

"మరెవరు చేశారన్నారు?"

"తిను నాయనా. తిని కోటు వేసుకో."

"ఎవరితో చెప్పారత్తయ్యా?"

"పెట్టెలో ఉన్న వాడి తాతతో."

"ఎవరాయన?"

"పైన మన వంటింట్లోనే ఉన్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు."

"ఏం టోపీ?"

"రోడ్ల మీద మగవాళ్ళని ఆపి బండెక్కిస్తున్నాడే, ఆ ఆఫీసరు."

"తలుపు... తలుపు వేశారా?"

"వేసి ఏం లాభం?"

"నన్ను అమ్మేశారత్తయ్యా."

"అమ్మితే ఏదైనా చేతికొచ్చేది. ఆ పసివాడి వేళ్ళు చూసొచ్చాను, అంతే. నీ పేరడగనన్నాడు. తన బండిలోనే తీసుకెళ్తాను, దారిలో ఎవరూ ఆపరన్నాడు. దేవుడి పటం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను."

"పనయ్యాక మళ్ళీ ఇక్కడ దింపుతానని కూడా ఒట్టు వేశాడా?"

"అడిగాను. పటం మీంచి చెయ్యి తీసేశాడు."