తలముద్ర

గద్వాలలో ఎర్రవల్లి రోడ్డు పక్కన, జాఫర్ సీటు కవర్ల దుకాణం ముందు ఒక పాత వ్యాను తలుపులన్నీ తెరుచుకుని నిలబడి ఉంది. ధరూరు అవతలి పల్లె నుంచి దానిని స్వయంగా నడుపుకుని వచ్చిన పద్మావతమ్మ దుకాణం స్టూలు మీద నిటారుగా కూర్చుంది. వ్యాను లోపల వెల్లకిలా పడుకుని, పైకప్పుకున్న గుడ్డను జాఫర్ ఊడదీస్తున్నాడు.

"చింపకు అంటున్న గద, జాఫర్. మెల్లగ తియ్యి."

"నేను చింపుతలే అక్కా, అదే నా ముఖం మీద పడుతున్నది. ఇరవై ఏండ్ల టాపు గుడ్డ. ఇంక దీనికి మర్యాద ఏంది?"

"మర్యాద కాదు. అది సాక్ష్యం."

"ఏం సాక్ష్యం?"

"మరకలు కనపడ్తలేవా?"

"కనపడుడు ఏంది, నా ముక్కుకు జానెడు దూరంల ఉన్నయి. కొబ్బరినూనె. వాసన గూడ వస్తున్నది."

"ముందర సీటుకు పైన గుండ్రంగ ఉన్నది చూడు, అది వెంకటన్న తల. దాని ఎనక పక్కపక్కన రెండున్నయి, అవి యాదయ్యవి."

"యాదయ్యకు రెండు తలలా?"

"ధరూరుకు వచ్చేటప్పుడు ఒకటి, ఊరికి పొయ్యేటప్పుడు ఒకటి."

"మరి గీ ఎర్రది?"

"నర్సమ్మది. తెల్లెంటికలు కనపడొద్దని గోరింటాకు పెట్టుకుంటది. ఊర్ల ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్త? టాపు మీద రాసే ఉన్నది గద. అంటే అక్కా, మీ ఊరోళ్ల తలలన్నీ ఈడ తాకినయా?"

"ధరూరు కాడికెళ్లి మా ఊరికి ఆరు కిలోమీటర్లు. నలభై ఒక్క గుంత. నా బండి ఎక్కినోళ్లు ఎవరూ టాపుకు తల తాకకుండ దిగలే."

"పొట్టోళ్లు గూడనా?"

"పొట్టోళ్లు ఇంకా ఎత్తు లేస్తరు. తేలిక గద."

"యా అల్లా."

"నవ్వకు."

"నవ్వుతలే అక్కా. నోట్లెకు దుమ్ము పోయింది."

"రోడ్ల ఇంజినీరు, ఏఈ భానుప్రకాశ్ సారు ఆ రోడ్డు గురించి రిపోర్టుల ఏం రాసిండో తెలుసా? నాకు నోటికొచ్చు. 'రహదారి సాఫీగా ఉన్నది. ప్రయాణికులకు ఎటువంటి కుదుపులు కలగడం లేదు.' రేపు ఆఖరి తనిఖీ. పై ఆఫీసరు మేడం వస్తది. సారును తోల్కొని నా బండిలనే రోడ్డు చూడమని ఆమెకు అర్జీ పెట్టిన. ఆమె సంతకం పడిందంటే రోడ్డు పనయిపోయినట్టే. ఇంక ఐదేండ్ల దాక ఎవరూ ఆ దిక్కు చూడరు."

"మరి గీ మరకలు చూపెట్టకపోయినవా?"

"పోయిన నెల ఫోటోలు తీస్కపోయి సారు ముందర పెట్టిన. 'మీ ఊరివాళ్లు తలకు నూనె ఎక్కువ రాసుకుంటారమ్మా' అన్నడు."

"అరెరె. మంచి జవాబే."

"జాఫర్."

"చెడ్డ జవాబే. బిల్కుల్ చెడ్డది. అక్కా, ఈ ఎనక మూల గుడ్డ చినిగింది చూడు, ఇది తల తాకి చినిగింది కాదు. గోర్ల గీతలున్నయి. ఎవరు?"

"నీ పని చూస్కో."

"అడిగితే తప్పా?"

"కొత్తది ఏం ఎయ్యాల్నో అది అడుగు."

"సరే, అదే అడుగుత. రెక్సిన్ ఉన్నది. వెల్వెట్ ఉన్నది. పెండ్లి కార్లకు ఎర్ర వెల్వెట్ ఏసి చిన్న చిన్న లైట్లు పెడుతున్న, ఆకాశం లెక్క మెరుస్తయి. మీ ఊరోళ్లు లేచినప్పుడల్ల చుక్కలు కనపడ్తయి."

"వాళ్లకు ఇప్పుడు గూడ కనపడ్తున్నయి. గుడ్డ నేనే తెచ్చిన. ఆ బకెట్ల ఉన్నది, మూత తియ్యి."

"బకెట్లనా? టాపు గుడ్డ బకెట్ల తెచ్చుడేంది... అక్కా, ఇది గొంగడి."

"గొంగడే."

"గొర్లు కాసేటోళ్లు కప్పుకునే నల్ల గొంగడి."

"అదే. మా ఊరాయన తాన అడిగి తెచ్చిన."

"ఇరవై ఏండ్ల సంది ఈ పని చేస్తున్న. కొత్తకోటల లారీలోళ్లు నెమలి ఈకలు ఎయ్యమన్నరు, ఒగాయన పెండ్లాం చీర ఎయ్యమన్నడు. గొంగడి అడిగింది నువ్వే. ఇది తడిగ ఉన్నదేంది... అక్కా. నా చెయ్యి."

"చెయ్యి పెట్టకు అని చెప్పేలోపలే పెట్టినవ్."

"నా చెయ్యి ఊదాగ ఎందుకయింది?"

"ముద్రల సిరా. ఆఫీసులల్ల స్టాంపు కొట్టే ప్యాడుకు పోస్తరు చూడు, అది. ఆరకుండ గ్లిజరిన్ కలిపిన."

"సబ్బు పెడితే పోతది గద?"

"వారం."

"వారమా? శుక్రవారం నమాజుకు ఈ చెయ్యేస్కొని పోవాల్నా నేను?"

"గ్లౌజులు తెచ్చిన, ఆ సంచిల ఉన్నయి."

"అవి ముందు చెప్పాలె అక్కా. ముందు. అయినా గొంగడి వానకే తడవది, సిరా ఎట్ల పీల్చింది?"

"నాలుగు రోజులు నానబెట్టి రోకలితోని దంచిన. ఇప్పుడు పిండితే కారది, ఒత్తితే అంటుతది. ముందర సీటు పైన టాపుకు ఈ ముక్క చాలు. మిగిలిన తాన అంత మామూలు గొంగడి ఎయ్యి, తలలకు మెత్తగ ఉంటది."

"ముందర సీట్ల ఎవరు కూసుంటరు?"

"భానుప్రకాశ్ సారు."

"ఆయనది... బట్టతల."

"నేను చేసింది కాదు అది. దేవుడిచ్చిండు."

"అంటే రేపు ఆయన తల గుంత గుంతకు లేచి..."

"వేలిముద్ర ఏసినట్టు తలముద్ర ఏస్తడు. కాయితం మీద ఏం రాసినా, మేడం ముందర తల మీద ఉన్నది దాచలేడు గద."

"అక్కా, నాకు కడుపు నొప్పి లేస్తున్నది. జర ఆగు. నవ్వినంక మాట్లాడుత."

"నవ్వుడు కాదు, ఇది న్యాయం. రోడ్డు సాఫీగ ఉంటే తల లేవది. లేవకుంటే ముద్ర పడది. ముద్ర పడకుంటే నా అర్జీ నేనే చింపుకుంట."

"మరి నువ్వు కావాలని గుంతల ఏస్తే?"

"ఎయ్య. స్పీడు ఆయన చెప్పినంతనే పోత. ఏ పక్కకు తిప్పమంటే ఆ పక్కకే తిప్పుత. నేను మోసం చెయ్య, జాఫర్."

"అదంత మంచిగనే ఉన్నది. కానీ నాతోని కాదు."

"ఏం?"

"ఆయన కారుకు సీటు కవర్లు నేనే ఏస్త. ఆయన చెప్తేనే ఇంకో నాలుగు ఆఫీసు బండ్లు నా తానకు వస్తున్నయి. గొంగడి ఎవరు కుట్టిండ్రు అంటే నా పేరే వస్తది. రెక్సిన్ ఏస్త, పైసలు తీస్కోకుండ ఊకనే ఏస్త. గొంగడి మాత్రం వద్దు."

"ఇందాక చినిగింది ఎవరు అని అడిగినవ్."

"అడిగిన. నువ్వు చెప్పలే."

"నిరోష. నా కోడలు. రెండేండ్ల కింద కాన్పుకు దవాఖానకు తీస్కపోతుంటే ఎనక సీట్ల పండవెట్టినం. పట్టుకుందామంటే ఏం దొర్కలే, పైన గుడ్డ పట్టుకున్నది."

"బిడ్డ?"

"ఇరవై రెండో గుంత తాన బండిలనే పుట్టింది. బతికింది. నిరోష మాత్రం మూడు నెలలు నడుము ఎత్తలే."

"బండి నువ్వే నడుపుతున్నవా?"

"మరెవరు? ఎనకకు తిరిగి చూద్దామంటే ముందర ఇంకో గుంత."

"ఇప్పుడు మంచిగున్నదా ఆ పిల్ల?"

"మంచిగున్నది. మల్ల శ్రావణంల కాన్పు."

"అదే రోడ్డా?"

"మా ఊరికి ఇంకో రోడ్డు లేదు."

"ఆ గ్లౌజులు ఇటియ్యి, అక్కా. బకెట్ గూడ."

మరునాడు ఉదయం, ధరూరు చివర ఆ రోడ్డు మొదలయ్యే చోట వ్యాను ఆగి ఉంది. ఏఈ భానుప్రకాశ్ తన కారు దిగి, తనిఖీకి వచ్చిన పై అధికారి సిద్రా మేడమ్‌ను వెంటబెట్టుకుని వ్యాను దగ్గరికి వచ్చాడు. పద్మావతమ్మతో పాటు జాఫర్ కూడా వచ్చాడు, పని ఎలా నిలుస్తుందో చూడాలన్న వంకతో.

"నమస్తే మేడం. అర్జీ పెట్టిన పద్మావతిని నేనే. ఈయన జాఫర్, బండి టాపు కుట్టిండు."

"నమస్తే అమ్మా. మీ వ్యానులోనే వెళ్దాం. నేను ముందు కూర్చుంటాను, రోడ్డు బాగా కనిపిస్తుంది."

"ముందర వద్దు మేడం."

"ఎందుకని?"

"ముందర సీటు... స్ప్రింగు పొడుస్తది."

"ఏం స్ప్రింగు అక్కా? నిన్ననే నేను కొత్త స్పాంజి..."

"జాఫర్."

"పొడుస్తది మేడం. బాగ పొడుస్తది. నా పనే. చానా ఖరాబు పని."

"ఫరవాలేదు, సర్దుకుంటాను. పైన ఇదేమిటి, గొంగడిలా ఉంది? ఎంత బాగుంది, మెత్తగా..."

"ముట్టకున్రి మేడం. సొల్యూషన్ ఆరలే. చెయ్యి అంటుకుంటే ఊడది."

"అలాగా. జాఫర్ గారూ, మీ చెయ్యేమిటి, ఊదా రంగులో ఉంది?"

"నేరేడు పండ్లు తిన్న మేడం."

"మోచేతి దాకా?"

"చానా తిన్న."

"మేడం, మీకెందుకు ఈ వ్యానులో శ్రమ? ఇక్కడే చెట్టు కింద కుర్చీ వేయిస్తాను. కొబ్బరి నీళ్లు తెప్పించాను. రోడ్డు వివరాలన్నీ ఫైలులో ఉన్నాయి."

"ఫైలు చదివాను, భానుప్రకాశ్ గారూ. సాఫీగా ఉందని రాశారు."

"అద్దంలా ఉంది మేడం."

"అయితే మీ కారులోనే వెళ్దామా?"

"వెళ్లొచ్చు మేడం, భేషుగ్గా వెళ్లొచ్చు. కాకపోతే సర్వీసింగు అయింది మొన్ననే, ఈ దుమ్ములో... వ్యానే నయం."

"అయితే సారు, ముందర మీరు కూసోండ్రి. రోడ్డు ఏయించింది మీరు, మేడానికి చూపెట్టాల్సింది మీరే."

"నేనా? వద్దమ్మా, నేను వెనకాల సర్దుకుంటాను. నాకు ఎండ పడదు."

"ఎండ ఎనక దిక్కే పడుతది సారు."

"అయితే నీడ పడదు."

"సారు, ఎంత స్పీడుల పోవాల్నో గూడ మీరే చెప్పుండ్రి. మీరు చెప్పినట్టే పోత."

"ఎనిమిది. ఎనిమిదిలో పోనివ్వండి."

"సాఫీ రోడ్డు మీద ఎనిమిదా, భానుప్రకాశ్ గారూ?"

"మీరు తీరిగ్గా చూడాలని మేడం. పొలాలు చాలా బాగుంటాయి ఇటు. పత్తి, వేరుశనగ..."

"పొలాలు తర్వాత చూద్దాం. అమ్మ చెప్పింది సబబుగానే ఉంది. మీరు ముందు కూర్చోండి, ఎక్కడ ఏం వేశారో చెబుతూ ఉండండి. నేను వెనక కూర్చుని రాసుకుంటాను. జాఫర్ గారూ, వెనక స్ప్రింగులు లేవు కదా?"

"లేవు మేడం. ఎనక మస్తుగుంటది."

"ఎక్కండ్రి సారు. ఎండ ఎక్కుతున్నది."

"ఎక్కుతున్నానమ్మా, తొందరెందుకు? మేడం మాట నేనెప్పుడైనా కాదన్నానా? డ్రైవరూ, ఏయ్ దాసూ, కారు డిక్కీలో నా హెల్మెట్ ఉంటుంది, పట్టుకురా."

"హెల్మెట్ ఎందుకండీ, వ్యాను ఎక్కడానికి?"

"ఈ రోడ్డు మీద అది లేకుండా నేనెప్పుడూ కదలను మేడం, మొదటి మలుపులోనే తల పైకి కొట్టుకుంటుంది. డిక్కీలో ఇంకోటి కూడా ఉంది, మీకు తెప్పించమంటారా?"