కాలువ గట్టు మీద అచ్యుతరావు గారి పరుగు

"నిన్న పొద్దున ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తానండీ, నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి" అన్నారు అచ్యుతరావు గారు. ఏలూరు శివార్లో, కాలనీ పార్కు గేటు ఎదురుగా ఉన్న కనకమ్మ టీ కొట్టు బెంచీ మీద కూర్చునున్నారాయన. "డాక్టరు గారేమన్నారు? నెలాఖరుకి షుగరు దిగకపోతే రోజూ పొట్టలో సూదే అన్నారు. నాకేమో సూదంటే చచ్చేంత భయం. అందుకని ఇదిగో, ఈ పార్కులోంచి వెళ్ళి, పిల్లల గ్రౌండు దాటి, కాలువ గట్టెక్కి, లాకుల దాకా పోయి రావడం. ఎత్తూ పల్లం లేదండీ, దారంతా పచ్చగడ్డి. మొదటి కిలోమీటరు నింపాదిగానే వెళ్ళాను."

"మంచిదేగా అండీ" అంది కనకమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"మంచిదేనమ్మా, రెండో కిలోమీటరులో వచ్చింది తంటా. కాళ్ళు ఆగవే! పక్కన కాలువ నిండా నీళ్ళు, గట్టు ఒరుసుకుని పోతున్నాయి. అందులో ఓ బొచ్చె చేప, ఇంతుంది, తల పైకెత్తి నాతో పందెం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లాకుల దగ్గర అది ఆగిపోయింది, నేను ఆగలేదు."

"రొప్పిందాండీ?" అన్నాడు ఆటో గోపీచంద్.

"రొప్పడమా! ఒడ్డుకొచ్చి కూలబడింది పాపం. నేనలా పోతే తాడేపల్లిగూడెం వచ్చేసింది. ప్యాసింజరు రైలు బయల్దేరుతోంది. ఆగితే షుగరు దిగదు కదా, దాని పక్కనే పరుగందుకున్నాను. డ్రైవరు తల బయటపెట్టి, 'ఏవండీ, కాస్త మెల్లగా వెళ్ళండి, జనం నన్ను తిడుతున్నారు' అని బతిమాలాడు. పోనీలే పాపమని కొల్లేటి వైపు తిరిగాను. మండవల్లి దాటాక రోడ్డయిపోయింది గానీ నా ఊపు అయిపోతేనా! నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క మీద ఓ అడుగేసి, అది మునిగేలోపు ఇంకో అడుగు. కొల్లేటికోట చేరేసరికి అరికాళ్ళు పొడి! గూడబాతులు నా నెత్తిన గొడుగు పట్టాయండీ. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ప్రసన్నలక్ష్మి వడ్డించిన ఇడ్లీలు ఇంకా పొగలు కక్కుతున్నాయి."

యోసేపు గారు ఇరిగేషన్‌లో లస్కరుగా పాతికేళ్ళు ఆ లాకుల తలుపులు ఎత్తి దించిన మనిషి. అంతసేపూ బెంచీ చివర కూర్చుని టీ ఊదుకుంటూ విన్నారు.

"చేప నమ్మానండీ, రైలు నమ్మాను, కొల్లేరూ నమ్మేశాను. కాలవలో నీళ్ళెక్కడివండీ? దాళ్వా వరి కోతలైపోయాయి, మరమ్మతులకని కాలవ కట్టేసి పన్నెండు రోజులైంది. అడుగున పిల్లలు క్రికెట్టాడుకుంటున్నారు."

గోపీచంద్ పగలబడి నవ్వాడు. కనకమ్మ ఒక్క చూపు చూసేసరికి మానేశాడు.

అచ్యుతరావు గారి మొహం చిన్నబోయింది. "కిందటి నెల గట్టు మీద కళ్ళు తిరిగి కాలవలోకి జారిపోయానండీ. గడ్డి పట్టుకుని ఎలాగో పైకొచ్చాను. ఇంట్లో చెప్పలేదు. అప్పట్నించీ రోజూ బూట్లేసుకొస్తాను, ఈ బెంచీ దాటబుద్ధి కాదు. సూదికీ భయమే, గట్టుకీ భయమే."

యోసేపు గారు గ్లాసు కింద పెట్టి లేచారు. "పదండి, నేనొస్తాను. పరుగెందుకండీ, నడుద్దాం."

అచ్యుతరావు గారు బూటు తాడు ఊడదీసి, మళ్ళీ కట్టుకున్నారు.

"నీళ్ళు లేవని గట్టిగా తెలుసా మీకు?"

"చుక్క లేదండీ."

"అయితే పడినా మునగను" అంటూ లేచారు.