తొమ్మిదో నంబరు సూచన

(ఆసుపత్రిలో డాక్టర్ల గది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఊళ్లోకి కొత్త జబ్బు వచ్చి మూడు వారాలైంది. డాక్టరమ్మ ఫోన్లో ఉంది. అవతల ఆవిడ బావగారు, డాక్టర్లకు సూచనలు పంపే ఆఫీసులో ఉద్యోగి.)

"మరదలా, నా సొంత నంబరుకి చేశావేం? మీ డాక్టర్ల కోసమే అంత పెద్ద భరోసా కేంద్రం తెరిచాం కదా. దానికి చెయ్యొచ్చుగా."

"చేశాను బావగారూ. ధైర్యం కావాలంటే ఒకటి, సమాచారం కావాలంటే రెండు నొక్కమంది. రెండు నొక్కితే ఇరవై నిమిషాలు వేణువు వినిపించారు."

"అది మనసు కుదుటపడ్డానికి పెట్టాంలే."

"పడలేదు. సరే అని ఒకటి నొక్కా. ఎవరో ఆవిడ ఎత్తి, కళ్లు మూసుకుని దీర్ఘంగా ఊపిరి పీల్చమంది. ఈ జబ్బు వార్డు పక్కన నిలబడి దీర్ఘంగా పీలిస్తే నేరుగా పైకే."

"ఆవిణ్ణి కాన్పుల సెక్షన్ నుంచి తెచ్చాం. ఊపిరి పీల్చమనడం అలవాటు."

"మిమ్మల్ని కుక్కకాటు సెక్షన్ నుంచి తెచ్చినట్టు."

"వెటకారం వద్దమ్మాయ్. మీకోసం పంపిన పెట్టె అందిందా, 'మీకు మేమున్నాం' అని మీద రాసి ఉంటుంది?"

"అందింది. ఒక ప్రశంసాపత్రం, ఒక పెన్ను, చేతులు కడుక్కోవడం ఎలాగో బొమ్మలతో ఒక పుస్తకం. పద్దెనిమిదేళ్లుగా నేను చేతులు కడుక్కోకుండా వార్డులోకి వెళ్తున్నాననుకున్నారా?"

"మాస్కులు పెట్టమన్నానే. లేవా?"

"ఉంది. పుస్తకంలో మాస్కు బొమ్మ ఉంది. అది వదిలేయండి. నేను చేసింది వేరే సంగతికి. తొమ్మిదో నంబరు సూచన చూశారా?"

"తయారుచేసినవాణ్ని, చూడకపోవడమేంటి. అయిదు రోజులది."

"అదే. జ్వరం వచ్చిన సిబ్బంది అయిదు రోజులు విడిగా ఉంటే చాలు, ఆరో రోజు డ్యూటీకి రావాలి. మా పెద్ద సిస్టర్‌కి ఇవాళ ఆరో రోజు. జ్వరం పోయింది గానీ దగ్గు పోలేదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మా సూపరింటెండెంటు గారు ఆవిణ్ణి రెండింటికల్లా బాలింతల వార్డులో డ్యూటీ ఎక్కమన్నారు."

"మరి పరీక్ష చేయించండి."

"జ్వరం తగ్గినవాళ్లకి పరీక్ష చెయ్యొద్దని ఎనిమిదో నంబరులో మీరే రాశారు. పోనీ సెలవిద్దామంటే తొమ్మిదో నంబరు అడ్డం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు."

"సూపరింటెండెంటుకి నువ్వు చెప్పొచ్చుగా."

"చెప్పా. కాగితం మొహం మీద పెట్టారు. 'నిపుణులు అయిదంటుంటే మధ్యలో నువ్వెవరమ్మా' అన్నారు. అందుకే అడుగుతున్నా. ఆ నిపుణులెవరు?"

"నిపుణులంటే... నిపుణులే."

"పేరు చెప్పండి, నేను మాట్లాడతా. ఆ వార్డులో పద్నాలుగు మంది బాలింతలున్నారు. పిల్లల్లో పెద్దదానికి నాలుగు రోజులు."

"కమిటీ ఉంది కదమ్మా."

"కమిటీ కూర్చుందా?"

"కూర్చోబోతోంది. కుర్చీలు దూరదూరంగా వెయ్యాలని ఆరో నంబరులో రాశాం కదా. అంత పెద్ద హాలు దొరకలేదు."

"కూర్చోని కమిటీ అయిదని ఎలా తేల్చింది?"

"అబ్బా, లాయరులా పట్టుకున్నావేం. చూడమ్మాయ్, రోజుకో సూచన పంపమని పైవాళ్ల ఆర్డరు. ఒక్క రోజు ఆగినా మనకేం తెలీదని మీకు తెలిసిపోతుందట. ఏడు దాకా పాత పుస్తకాల్లోంచి ఎలాగో లాగాను."

"తెలుసు. నాలుగో దాంట్లో మాస్కు తియ్యొద్దన్నారు, అయిదో దాంట్లో గంటకోసారి తీసి గాలి పీల్చమన్నారు, ఏడో దాంట్లో ఆ రెండూ తు.చ. తప్పకుండా పాటించమన్నారు. తొమ్మిదికి రండి."

"తొమ్మిదికి... రోగుల్ని దగ్గరగా చూస్తున్న ఒక సీనియర్ వైద్యురాలి అభిప్రాయం తీసుకున్నాం. ఫైల్లో అలాగే ఉంది."

"ఎవరా మహాతల్లి? నిజంగా ఒక్క రోగినైనా చూసిందా?"

"చూస్తోంది. రోజూ చూస్తోంది."

"చూసేది అయితే అయిదనదు. ఇక్కడ తొమ్మిదో రోజు లేచి తిరిగి, పదో రోజు మళ్లీ మంచం పట్టినవాళ్లున్నారు. ఆవిడకి చదువెవరు చెప్పారో గానీ..."

"అంతలేసి మాటలొద్దు. తర్వాత నువ్వే బాధపడతావ్."

"నేనెందుకు బాధపడతా? ఇంట్లో కూర్చుని నోటికొచ్చిన అంకె చెప్పినావిడ పడాలి. ఎవరావిడ? మీ చుట్టమా?"

"చుట్టమే."

"అనుకున్నా. మీ పిన్నిగారి కోడలేనా, ఆ చర్మం డాక్టరు?"

"మా వైపు కాదు. మీ అక్క వైపు."

"మా వైపు డాక్టర్లెవరున్నారు, నేను తప్ప?"

"మరదలా, పోయిన ఆదివారం మీ అక్క నీకు ఫోన్ చేసింది, గుర్తుందా?"

"చేసింది. డాబా మీద బట్టలు ఆరేస్తున్నా. అయితే?"

"మా వంటావిడకి జ్వరం, ఎన్నాళ్లకి పనిలోకి రమ్మనాలని అడిగింది. స్పీకరు ఆన్‌లో ఉంది, నేను పక్కనే ఫైలు ముందేసుకుని కూర్చున్నా. నువ్వేమన్నావ్?"

"ఏమో. ఏదో అనుంటా."

"'ఏ అయిదు రోజులో చూడండి' అన్నావ్."

"'ఎవరికి తెలుసు, ఏ అయిదు రోజులో చూడండి, అప్పటికీ దగ్గుంటే గుమ్మం తొక్కనివ్వకండి' అన్నా. దాని తలా తోకా ఏమయ్యాయి?"

"ఫారంలో గడి చిన్నది. అంకె ఒక్కటే పట్టింది. 'ఎవరికి తెలుసు' అన్నదానికి అసలు గడే లేదు."

"అక్క వంటావిడ గురించి అడిగితే, దాన్ని తీసుకెళ్లి ఊళ్లో ఉన్న డాక్టర్లందరికీ..."

"ఊళ్లో ఏంటి. పక్క ఊళ్ల ఆఫీసులవాళ్లు కూడా మనది చూసి రాసుకున్నారు. నిన్న రేడియోలో చెప్పారు. ముప్ఫై మంది డాక్టర్లు ఫోన్ చేసి, ఇన్నాళ్లకి ఒక్క సూచన స్పష్టంగా ఉందని మెచ్చుకున్నారు. విన్నావా?"

"విన్నాను."

"మరి ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"ఇప్పుడే రద్దు చెయ్యండి."

"చేస్తా. రెండు నిమిషాల పని, మీ సూపరింటెండెంటుకి నేనే ఫోన్ చేస్తా. కాకపోతే, ఆ అభిప్రాయం ఇచ్చినావిడే అది తప్పని రాసి సంతకం పెట్టాలి. పేరు, హోదా, ఆసుపత్రి, అన్నీ ఉండాలి."

"ఇచ్చేటప్పుడు అడగని పేరు ఇప్పుడెందుకు?"

"ఇచ్చేటప్పుడు ఎవరైనా ఇవ్వచ్చు. వెనక్కి తీసుకోవాలంటే మనిషి కావాలి."

"పెడితే ఏమవుతుంది?"

"సూచన పోతుంది. అధికారం లేకుండా అభిప్రాయం చెప్పినందుకు నీమీద విచారణ వస్తుంది. నామీదా వస్తుంది. తిలా పాపం తలా పిడికెడు."

"వచ్చే నెల నా ప్రమోషన్ కాగితాలు కదులుతున్నాయి బావగారూ."

"తెలుసు. మీ అక్క చెప్పింది."

"ఆ పేరు లేకుండా కుదరదా? ఊరికే 'ఒక వైద్యురాలు' అని రాసి..."

"చూశావా. ఇందాక నేను నీళ్లు నమిలితే వెంటపడి తరిమావ్. ఇప్పుడు నీ నోట్లోనూ నీళ్లే."

"నవ్వకండి."

"నవ్వట్లేదమ్మాయ్. ఈ ఆఫీసులో నిపుణులందరూ ఇలాగే తయారయ్యారు. త్వరగా తేల్చు, రెండు కావస్తోంది."

"మేడమ్, లోపలికి రానా?"

"ఎవరు? పెద్ద సిస్టరా? అక్కడే ఆగండి. గుమ్మం దాటకండి. బావగారూ, ఒక్క నిమిషం, ఆవిడ వచ్చేశారు."

"పది నిమిషాలు ముందే బయల్దేరా మేడమ్. మెట్ల దగ్గర రెండుసార్లు ఆగాల్సొచ్చింది. బాలింతల వార్డులోకి వెళ్లబోయే ముందు మిమ్మల్ని ఒక్క మాట అడుగుదామని."

"అడగండి."

"కాగితమేమో అయిదు రోజులు చాలంటోంది. నా ఒళ్లేమో చాలలేదంటోంది. రాత్రంతా దగ్గుతూనే ఉన్నా. ఆ పిల్లల్ని ఎత్తుకోవాలంటే భయమేస్తోంది మేడమ్."

"మీ ఒళ్లు చెప్పిందే వినండి సిస్టర్."

"ఎలా వింటానండీ, నేను నర్సుని. ఆ అయిదు రోజుల మాట ఎవరో పెద్ద డాక్టరు చెప్పారట. సూపరింటెండెంటు గారు అన్నారు. అంత పెద్దవాళ్లు ఎంతో ఆలోచించే చెప్పి ఉంటారు కదా."

"హలో, మరదలా, లైన్లో ఉన్నావా? పేరు రాయమంటావా, వద్దా?"

"ఆలోచించలేదు సిస్టర్. బట్టలు ఆరేస్తూ చెప్పాను."